రెండడుగుల చేపల ట్యాంకులో మొక్కలకి అడుగున ఏం వేస్తున్నారు? మట్టా, ఆక్వా సాయిలా?

మణికొండ_గప్పీ:
అందరికీ నమస్తే. 2 అడుగుల ట్యాంకు, నీళ్లు ఓ 50 లీటర్లు పడతాయి. షాపాయన అడుగున పరవమని తెల్ల రాతి చిప్స్ 10 కేజీలు అంటగట్టాడు, గప్పీలు బానే ఉన్నాయి కానీ మొన్న గుచ్చిన హైగ్రోఫిలాకి కొత్త ఆకులు తెల్లబోయి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తున్నాయి. ఆక్వా సాయిల్ (మొక్కల ట్యాంకుల కోసం గింజల్లా చేసి అమ్మే మట్టి) రేటు చూశాక నోట మాట రాలేదు. అడుగున వర్మీకంపోస్ట్ వేస్తే నడుస్తుందా? మాది బోరు నీళ్లు, గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకుపోయే రకం.

కొర్రమీను:
వర్మీకంపోస్ట్ వద్దు తమ్ముడూ, నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. పైన అంగుళం ఇసుక కప్పినా మూడోరోజుకి నీళ్లు టీ డికాషన్ రంగుకి వచ్చాయి, అమ్మోనియా కిట్ ముదురు ఆకుపచ్చకి తిరిగింది, పొద్దున లేచి చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, సాయంత్రానికి ఆరు పోయాయి. తర్వాత మందులు కొట్టని చోట ఎర్రమట్టి తెచ్చి జల్లెడపట్టి, బకెట్లో నానబెట్టి పైకి తేలిన పుల్లా పుడకా వంపేసి, ఇలా నాలుగైదుసార్లు చేసి అంగుళం మందం పరిచా, పైన అంగుళంన్నర ఏటి ఇసుక. రెండేళ్లయింది, వాలిస్నేరియా కత్తిరించలేక చస్తున్నా. నల్లరేగడి మాత్రం తేవద్దు, దాన్లో సున్నం పాలు ఎక్కువ, పైగా కాస్త కదిలిస్తే బురదే.

బెజవాడ_బెట్టా:
మట్టి మంచిదే అన్నయ్యా, కానీ ఒక మొక్క పీకి ఇంకోచోట పెట్టామా ట్యాంకంతా కృష్ణమ్మ వరదే. నాకేమో చేతులు ఊరుకోవు, అందుకే ఆక్వా సాయిల్ కొన్నా. 60×30 ట్యాంకులో 5 సెంటీమీటర్ల మందానికి 9 లీటర్ల బ్యాగ్ ఒకటి సరిపోతుంది, కడగకూడదు, గింజలు చిదిగిపోతాయి. మొదట్లో ఇదీ అమ్మోనియా వదుల్తుంది, నేను నాలుగు వారాలు చేపల్ని వేయకుండా రోజు విడిచి రోజు సగం నీళ్లు మార్చా. ఇంకోటి, పీహెచ్ తగ్గించే గుణం బోరు నీళ్లలో తొందరగా అయిపోతుంది, ఆ ఒక్కదాని కోసమైతే కొనకండి.

ఇసుకతిన్నె:
నాది వట్టి ఇసుకే. అనుబియాస్, జావా ఫెర్న్‌కి అడుగున ఏముందో అనవసరం, దారంతో చెక్కకి కట్టేయడమే, దుంప పాతితే కుళ్లుతుంది. క్రిప్టోలు (క్రిప్టోకోరిన్ మొక్కలు), అమెజాన్ స్వోర్డ్ వేర్లతో లాగుతాయి కాబట్టి వాటి కింద రూట్ ట్యాబ్ (ఎరువు బిళ్ల) గుచ్చాలి. క్రిప్టో ఆకులు మొదటివారంలో కరిగిపోయినా పీకొద్దు, వేరు నుంచి మళ్లీ వస్తాయి (నేను పీకి పారేశా, అందుకే చెప్తున్నా). ఎరువుకి డ్రిప్ రైతులు వాడే 13-0-45 ఉంది కదా, అది పొటాషియం నైట్రేటే. 50 లీటర్లకి 1 గ్రాము వేస్తే నైట్రేట్ 12 పీపీఎం దాకా పెరుగుతుంది, నేను వారానికి అంతే వేసి ఆదివారం సగం నీళ్లు మారుస్తా. చెంచా లెక్కలు వద్దు, చిన్న డిజిటల్ కాటా కొనుక్కో. యూరియా, డీఏపీ జోలికెళ్లావా మళ్లీ అమ్మోనియానే.

మణికొండ_గప్పీ:
మరి ఆ తెల్లబోయిన ఆకులు?

కొర్రమీను:
కొత్త ఆకులకి వచ్చిందంటే ఐరన్ లోటే అయ్యుంటుంది. పాత ఆకులకి చిల్లులు పడితే పొటాషియం. పీహెచ్ 7 దాటిన నీళ్లలో ఈడీటీఏ రకం ఐరన్ ఎరువు సరిగ్గా నిలవదు, సీసా మీద డీటీపీఏ అని రాసున్న రకం చూసి తీసుకో.

బెజవాడ_బెట్టా:
అవన్నీ సరే, ముందు ఆ తెల్ల చిప్స్ మీద నిమ్మకాయ పిండి చూడండి.

మణికొండ_గప్పీ:
ఇప్పుడే పిండా మేడమ్. బుస్సుమని నురగ.

బెజవాడ_బెట్టా:
పాలరాయి ముక్కలన్నమాట. ఉన్న సున్నం చాలక ఇంకాస్త కలుపుతున్నారు. గప్పీలకి అలాంటి నీళ్లు ఇష్టమే కాబట్టి అవి కులాసాగా తిరుగుతున్నాయి, ఐరన్ అందక ఏడ్చేది మొక్కలే.

మణికొండ_గప్పీ:
సరే, చిప్స్ తీసి పూలకుండీల్లో వేస్తున్నా. ఎర్రమట్టికి ఆదివారం చేవెళ్ల వైపు పోతాం. జల్లెడ మాత్రం మా అత్తమ్మ ఇవ్వనంటోంది, కొత్తది కొనాలి.