డస్ట్ మోడల్: ఏఓడీ సరిపోయింది, పీఎం10 సగమే వస్తోంది. ఎక్కడ వెతకాలి?

ధూళిగీత:
మోడల్ డబ్ల్యూఆర్‌ఎఫ్-కెమ్ (వాతావరణాన్నీ గాలిలోని ధూళినీ కలిపి లెక్కించేది), ధూళి స్కీమ్ డస్ట్_ఆప్ట్ 3, గ్రిడ్ 12 కి.మీ., ఐదు సైజు బిన్లు (కణాల పరిమాణపు తరగతులు). ఏఓడీ అంటే గాలిలోని కణాలు పైనుంచి కింది దాకా వెలుతురును ఎంత అడ్డుకుంటాయో చెప్పే కొలత. ఏరోనెట్ (సన్ ఫోటోమీటర్ల నెట్‌వర్క్) ఏఓడీతో పోల్చి ఎమిషన్ గుణకం (నేల నుంచి లేచే ధూళిని పెంచే, తగ్గించే సంఖ్య) సర్దితే బయాస్ (సగటు తేడా) దాదాపు సున్నాకి వచ్చింది. అదే రన్‌లో నేలమట్టం పీఎం10 (10 మైక్రాన్ల లోపు వ్యాసమున్న కణాల బరువు) మాత్రం కొలతల్లో సగమే. పైగా కొన్ని సాయంత్రపు తుఫానులు మోడల్‌లో అసలు కనిపించవు. గుణకం ఇంకా పెంచాలా?

సన్‌ఫోటో:
గుణకం జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు పోలిక సరిగ్గా ఉందో లేదో చూడండి. మోడల్ ఏఓడీ 550 నానోమీటర్లది. సన్ ఫోటోమీటర్‌లో సాధారణంగా ఆ చానల్ ఉండదు. 440 విలువను ఆంగ్‌స్ట్రామ్ ఎక్స్‌పొనెంట్‌తో (తరంగదైర్ఘ్యంతో ఏఓడీ ఎంత మారుతుందో చెప్పే సంఖ్య; కణాలు సన్నవైతే ఎక్కువ) మార్చుకోవాలి: 440లో 1.00, ఎక్స్‌పొనెంట్ 0.3 అయితే 550లో సుమారు 0.94. ఎక్స్‌పొనెంట్ 0.6 దాటిన కొలతలు తీసేయండి, వాటిలో పొగ, కాలుష్యం పాలు ఎక్కువ. ఇంకో చిక్కు: దట్టమైన ధూళిని మబ్బనుకుని క్లౌడ్ స్క్రీనింగ్ (మబ్బు పట్టిన కొలతలను తీసేసే వడపోత) కొట్టేస్తుంది, రాత్రి కొలతే లేదు. అంటే పరీక్షకు అసలైన రోజులే జారిపోతాయి.

బిన్‌నాలుగు:
మీ లక్షణాలు చూస్తే సైజు పంపకం మీదే అనుమానం. ఒకే బరువుకు వెలుతురును అడ్డుకునే శక్తి వ్యాసార్థానికి దాదాపు విలోమంగా పోతుంది. 1.4 మైక్రాన్ల బిన్‌లో ఉన్న గ్రాము, 4.5 మైక్రాన్ల బిన్‌లోని గ్రాముకు సుమారు మూడింతల ఏఓడీ ఇస్తుంది. మోడల్ సన్నధూళిని ఎక్కువగా వదిలితే తక్కువ బరువుతోనే ఏఓడీ సరిపోతుంది, పీఎం10 పడిపోతుంది. గుణకం పెంచితే ఈసారి ఏఓడీ చెడుతుంది. బిన్ల వాటా మార్చి చూడండి. నాలుగో బిన్‌ను పీఎం10 లెక్కలో ఎంత కలుపుతున్నారో కూడా సరిచూడండి. బిన్ల సైజు వ్యాసార్థంలో, పీఎం10 హద్దు వ్యాసంలో చెబుతారు కాబట్టి తికమక అక్కడే. ధూళి మరీ పైకి లేచిపోయినా ఇదే లక్షణం. లైడార్ (ఏ ఎత్తులో ధూళి ఎంతుందో లేజర్‌తో కొలిచే పరికరం) నిలువు ప్రొఫైల్ ఉంటే ఆ అనుమానం వెంటనే తీరుతుంది.

చలిగాలిముందు:
సాయంత్రపు తుఫానులు వేరే జబ్బు. ఉరుముల మేఘం నుంచి దిగిన చల్లటి గాలి ముందుకు తోసుకొచ్చే హబూబ్‌లవి. 2011 జూలై 5న ఫీనిక్స్‌ను కమ్మేసింది ఇలాంటిదే. 12 కి.మీ. గ్రిడ్‌లో మేఘాల ప్రక్రియను నేరుగా లెక్కించకుండా పారామీటరైజేషన్‌తో (క్యుములస్ స్కీమ్ అనే ఉజ్జాయింపు సూత్రాలతో) నడిపితే ఆ గాలే పుట్టదు, ఇక ధూళి ఎక్కడిది? 4 కి.మీ. లేదా ఇంకా సన్నటి గ్రిడ్‌లో క్యుములస్ స్కీమ్ ఆపి నడపండి. ఎమిషన్ గాలి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టి గాలిలో 10 శాతం తప్పు ధూళిలో 33 శాతం అవుతుంది. థ్రెషోల్డ్ (ధూళి లేవడం మొదలయ్యే గాలి వేగం) దగ్గరైతే ఇంకా ఎక్కువ. కాబట్టి ముందు 10 మీటర్ల గాలిని పరీక్షించండి. గుణకం సర్దేటప్పుడు హబూబ్ రోజులను పక్కన పెట్టండి.

స్కోరు విషయం: ఆర్‌ఎంఎస్‌ఈ (తప్పుల వర్గాల సగటుకు వర్గమూలం) ఒక్కటే చాలదు. తుఫాను 3 గంటలు ఆలస్యమైతే అది రెండుసార్లు శిక్షిస్తుంది: వచ్చిన వేళ లేదని, లేని వేళ వచ్చిందని. తుఫానే చూపని మోడల్‌కు అంతకన్నా మంచి మార్కులు పడతాయి! సంఘటనల వారీగా హిట్, మిస్, ఫాల్స్ అలారం లెక్కపెట్టండి, ±3 గంటల వెసులుబాటుతో. దృశ్యమానత 1 కి.మీ. కన్నా తగ్గిన వేళలను సంఘటనగా తీసుకోవచ్చు, పొగమంచును తేమ చూసి తీసేశాక.

ధూళిగీత:
బిన్లు చూస్తాను. ప్రతి రన్‌నూ ధూళి సున్నాతో మొదలుపెడుతున్నాను, అది కూడా తప్పేనా?

సన్‌ఫోటో:
తప్పేనండి. దూరం నుంచి రావలసిన ధూళి మొదటి రోజుల్లో ఉండదు. నిన్నటి ఫోర్కాస్ట్‌లోని ధూళిని ఇవాళ్టి ఆరంభంగా ఇవ్వండి, తొలి వారాన్ని స్కోరులోంచి వదిలేయండి.