‘వెళ్లకుండా నిషేధించారు’ అనొచ్చా?

కావలి నుంచి: ‘ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు సముద్రంలోకి వెళ్లకుండా నిషేధించారు.’ ఈ వాక్యం సరేనా? చదువుతుంటే ఎక్కడో తేడా కొడుతోంది.

ఒంగోలు నుంచి: తేడా ‘వెళ్లకుండా’లో ఉందండీ. నిషేధించడంలోనే ‘వద్దు’ ఉంది. దేన్ని వద్దన్నారో దానికి ‘ని’ చేర్చాలి: ‘మరపడవలు వేటకు వెళ్లడాన్ని నిషేధించారు.’ మీ వాక్యాన్ని పట్టి చూస్తే, వెళ్లకపోవడమే వద్దన్నట్టు తిరగబడుతుంది. ‘వెళ్లకుండా’ ఉండి తీరాలంటే క్రియ మార్చండి: వెళ్లకుండా ఆపారు, అడ్డుకున్నారు, కట్టడి చేశారు. ఈ రెండు వాక్యాలూ కలగలిసిపోయే ఆ తప్పు పుడుతుంది. కొత్తపట్నం, జువ్వలదిన్నె లాంటి తీరపు ఊళ్ల వైపు ‘వేట నిషేధం’ అంటే చాలు, ఆ 61 రోజులూ అందరికీ తెలుసు.

మనిషి విషయానికొస్తే ‘ఆటగాణ్ణి నిషేధించారు’ కన్నా ‘ఆటగాడిపై నిషేధం విధించారు’ నయం.

ఉదయగిరి నుంచి: ఇంకో మాట. నిషేధించాలంటే అధికారం ఉండాలి. 1992లో మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వద్దన్నారు, అంగడి మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించింది మాత్రం ప్రభుత్వం. పోరాటం వాళ్లది, ‘నిషేధించు’ అనే క్రియ చట్టానిది. వాళ్లకు ‘మాన్పించారు’, ‘మూయించారు’ అనే మాటలే బలం. ఆ బలాన్ని పత్రికల తెలుగు తగ్గించకూడదు.

బోర్డుల మీద ‘పొగతాగుట నిషేధము’ అని రాస్తుంటారు. నిషేధం అంటే వద్దనడం; వద్దన్నది నిషిద్ధం. కాబట్టి ‘పొగతాగుట నిషిద్ధము’. అంతకన్నా ‘పొగ తాగరాదు’ హాయి.

కావలి నుంచి: మరి ఇంట్లో?

ఒంగోలు నుంచి: ఇంట్లో ఆ మాటకు చోటే లేదు. మన నెల్లూరు, ఒంగోలు వైపు వద్దనడానికి ‘బాక’ ఉంది గదా! ‘ఎండలో పోబాక’, ‘పొయ్యి దగ్గరికి రాబాక’, ‘ఆ తీగ ముట్టుకోబాక’. పెద్దవాళ్లయితే ‘పోబాకండి’. గుంటూరు వైపు దీన్నే ‘పోమాక’ అంటారు. పథ్యానికి ‘వంకాయ కూడదు’, ‘గోంగూర పడదు’ అంటాం.

ఉదయగిరి నుంచి: వారించడం, నివారించడం కూడా కలిపేస్తున్నారు. కొట్టుకోబోయే ఇద్దరి మధ్య నిలబడి ‘వద్దురా’ అనడం వారించడం. నీళ్లు కాచి తాగి జబ్బు రాకుండా చూసుకోవడం నివారించడం. ‘దోమలను వారించాలి’ అని రాస్తే దోమలకు నచ్చజెప్పినట్టుంటుంది. ‘దోమలను నిర్మూలించాలి, జ్వరాలను నివారించాలి’ అని రాయండి.