ఏడేళ్ల పాప, ఐదేళ్ల బాబు: ఖాయిదా, తెలుగు, లెక్కలు ఇంట్లోనే ఎలా?

కడప అమ్మీ:
అస్సలాము అలైకుమ్. పాపకి ఏడు, బాబుకి ఐదు, చిన్నోడికి ఏడాదిన్నర. పెద్దవాళ్లిద్దరికీ ఇంట్లోనే చదువు. తొమ్మిదింటికి కూర్చోబెట్టి ఖాయిదా (అరబీ అక్షరాల మొదటి పుస్తకం), తెలుగు, లెక్కలు, ఇంగ్లిష్ వరసగా చెబుతుంటే పన్నెండింటికల్లా అందరూ ఏడుపే. బాబు తెలుగు కూడా కుడివైపు నుంచి రాస్తున్నాడు. పాపకి ఖాయిదాలో 'హా' అక్షరాలు రెండూ ఒకేలా పలుకుతున్నాయి. తర్వాత బడిలో చేర్చాలంటే కుదురుతుందా? రంజాన్‌లో ఎలా?

ఖాయిదా పలక:
వఅలైకుమ్ అస్సలామ్ చెల్లీ. మూడు గంటలు ఏకబిగిన అంటే పెద్దవాళ్లమే కూర్చోలేం. పాపకి మొత్తం గంటన్నర, అదీ ఇరవై నిమిషాల ముక్కలుగా. బాబుకి నలభై నిమిషాలు దాటొద్దు.

రెండు లిపులూ ఒకే పూట, ఒకే పలక మీద పడితే కుడి ఎడమలు కలిసిపోతాయి. బాబుకి ఈ ఏడాది అరబీ చదవడమే, రాత వద్దు. ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత ఖాయిదా పది నిమిషాలు, తెలుగు రాత పదింటికి. తెలుగు నోట్సులో ప్రతి గీతకీ ఎడమ కొసన పచ్చ చుక్క పెట్టండి, "బండి ఇక్కణ్ణుంచే బయల్దేరుతుంది" అంటే పట్టుకుంటాడు.

ఇక హా సంగతి. ఖురాన్ సూరాలు తెలుగు లిపి పుస్తకం చూసి నేర్పుతున్నారా? అసలు తంటా అక్కడే. అరబీలో 'హా'లు రెండు, తెలుగులో ఉన్నది ఒక్క 'హ'. జాల్, జా, జోయ్, జ్వాద్ అనే అరబీ అక్షరాలు నాలుగూ 'జ' అయిపోతాయి. అలా కంఠస్థం అయ్యాక దిద్దడానికి నేర్పినదానికి రెట్టింపు పడుతుంది. ఆ పుస్తకం అటక మీద పెట్టేయండి. చిన్న హా గొంతు అడుగు నుంచి వస్తుంది. పెద్ద హా గొంతు మధ్యలో, కళ్లద్దాలు తుడిచే ముందు ఊదినట్టు, కాస్త బిగించి. జాల్‌కి చేతి అద్దం ఇవ్వండి: నాలుక కొస పైపళ్ల అంచుకి తగులుతూ కనబడాలి. జా అంటున్నప్పుడు కనబడకూడదు. వారానికి ఒక్క జతే. జ్వాద్ మాత్రం అరబీ నేర్పే ఉస్తాద్‌కే వదిలేయండి.

చీపురుపుల్ల:
లెక్కలకి వేరే టైమ్ ఎందుకు, నమాజు వేళలే ఉన్నాయిగా. 30 సెంటీమీటర్ల పుల్లని మట్టిముద్దలో నిటారుగా గుచ్చి మేడ మీద పెట్టండి. పదకొండూ యాభై నుంచి పన్నెండూ నలభై దాకా, పది నిమిషాలకోసారి నీడ కొసన సుద్దతో గీత. నీడ తగ్గి తగ్గి మళ్లీ పెరగడం మొదలైతే జొహర్ (మధ్యాహ్న నమాజు) వేళ వచ్చినట్టు. అతి చిన్న నీడ 5 సెంటీమీటర్లు అనుకుందాం: హనఫీ పద్ధతి లెక్కన అసర్‌ (సాయంత్రం ముందు నమాజు) వేళకి 5కి పుల్ల పొడవు రెండింతలు కలపాలి, 65. షాఫయీ పద్ధతివాళ్లకి ఒక్కింతే, 35. కూడిక పాప చేస్తుంది, స్కేలు బాబు పట్టుకుంటాడు. పుల్ల కాస్త వాలినా లెక్క తప్పుతుంది, దారానికి రాయి కట్టి నిటారు చూసుకోండి. ఏప్రిల్ చివర మీ కడపలో మధ్యాహ్నం నీడ దాదాపు మాయం. జూన్‌లో అయితే దక్షిణానికి పడుతుంది, పిల్లలు నమ్మరు!

నల్లబల్ల:
బడి గురించి. 2009 విద్యాహక్కు చట్టంలో ఇంటి చదువుకి వేరే గుర్తింపేమీ లేదు. కానీ నాలుగో సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటిన పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. పుట్టిన సర్టిఫికెట్, ఆధార్ సిద్ధంగా ఉంచండి. లెక్కలు మాత్రం ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర ప్రభుత్వ బడి పుస్తకాల సంస్థ) పుస్తకం వరసలోనే చెప్పండి, మధ్యలో చేరితే అందుకునేది అక్కడే కష్టం. పదో తరగతి ఎన్‌ఐఓఎస్‌ (జాతీయ సార్వత్రిక పాఠశాల)లో రాయాలంటే 14 ఏళ్లు నిండాలి. తెలుగు, ఉర్దూ మాధ్యమాలు రెండూ ఉన్నాయి.

కడప అమ్మీ:
జజాకల్లాహ్. చిన్నోడు నోట్సులు లాగేస్తున్నాడు, వాణ్ణేం చేయాలి?

ఖాయిదా పలక:
రాత వేళలో మాత్రమే బయటికొచ్చే డబ్బా ఒకటి పెట్టండి: స్టీలు గిన్నెలు, మూతలు, గరిటె. రోజంతా దొరికితే రెండో రోజుకే మోజు పోతుంది.

రంజాన్‌లో కొత్త సబక్ (పాఠం) ఆపేసి పాతవి మళ్లించండి. సహరీ (ఉపవాసం ముందు తెల్లవారుజామున తినేది), ఫజర్ అయ్యాక పడుకోనిచ్చి, పది నుంచి పదకొండున్నర వరకే చదువు. అసర్ తర్వాత మీరు ఎలాగూ వంటింట్లోనే కదా, ఖర్జూరాలు పాపకి అప్పగించండి: ఆరు ప్లేట్లు, ప్లేటుకి మూడు, మొత్తం ఎన్ని? బాబు లెక్కకి చింతపిక్కలు చాలు. కానీ అయ్యాక ఎంచి డబ్బాలో వేసి మూత బిగించండి, చిన్నోడు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డుపడతాయి.