గుంపు ఎగబడితే మర్టన్ ప్రకారం ఏ గడిలో వేయాలి?

పాలమూరు విద్యార్థి:
పొద్దున తొమ్మిదింటి నుంచి లైబ్రరీలోనే ఉన్నా, ఒక్క పేజీ సాగలేదు. సమాజం మెచ్చే లక్ష్యాలకు, వాటిని చేరే దారులకు మనుషులు ఎట్ల స్పందిస్తరో సమాజశాస్త్రవేత్త మర్టన్ పట్టికలో చెప్పిన ఐదు రకాలు కంఠతా వచ్చు: అనుగుణ్యత, నవకల్పన, ఆచారవాదం, పలాయనం, తిరుగుబాటు. మా పెదనాయన ఇందులో ఏ గడిలో పడతడు? రేపే ఇవ్వాలి, టెన్షన్‌తో చస్తున్నా.

దేవరకొండ చదువరి:
మీ పెదనాయన ఏం చేసిండు? ఇది ఏ పరీక్షకు?

నల్లగొండ రిటైర్డ్ లెక్చరర్:
ముందు మాటలు సరిగా వాడాలి బాబూ. గుంపు వేరు, మూక వేరు. కురుమూర్తి జాతరలో కొండెక్కే జనాన్ని మూక అంటామా? 1895లో ఫ్రెంచి రచయిత లె బాన్ గుంపులో మనిషికి సొంత బుద్ధి పోతుందని, ఆవేశం అంటువ్యాధిలా పాకుతుందని రాశాడు. అప్పటి నుంచి గుంపు అంటేనే నేరం అన్న అపోహ పోలేదు. పిల్లలకు నేను ఏళ్ల తరబడి ఇదే చెప్పాను.

లా విద్యార్థి:
చట్టంలో మాట దొమ్మి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 189 ప్రకారం చట్టవిరుద్ధ ఉద్దేశంతో ఐదుగురు చేరితే చాలు, అది చట్టవిరుద్ధ సమావేశం. ఉమ్మడి ఉద్దేశం కోసం అందులో ఒక్కడు బలం వాడినా 191 కింద అది దొమ్మి, అందరూ బాధ్యులే.

నల్లగొండ రిటైర్డ్ లెక్చరర్:
అది శిక్ష సంగతి. ఇక్కడ అడిగేది ఎందుకు జరిగిందని.

పాలమూరు విద్యార్థి:
సారీ, చెప్పనే లేదు. ఎం.ఏ. అసైన్‌మెంట్, సొంత ఊళ్లో చూసినదానికి సిద్ధాంతం అన్వయించాలి. యూరియా కోసం తెల్లారకముందే గోదాము ముందు చెప్పులు వరుసగా పెట్టి, జనం పక్కన నీడకు కూర్చున్నరు. పది గంటలదాకా ఒక్కరూ వరుస తప్పలేదు. ఎవరో "వెనక గేటు నుంచి పోతున్నయ్" అన్నరు. నిమిషంలో చెప్పులన్నీ చెల్లాచెదురై షట్టర్ లేచింది. ఎన్నడూ ఎవరినీ తోయని మా పెదనాయన కూడా లోపలికి దూరిండు. రెండు బస్తాలు ఎత్తుకొని, డబ్బులు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి వచ్చిండు.

దేవరకొండ చదువరి:
తమ్ముడూ, ఇది ముందే చెప్పి ఉంటే గంట కలిసొచ్చేది. లక్ష్యం ఒప్పుకొని దారి మార్చిండు కాబట్టి నవకల్పన అనొచ్చు. కానీ 1938లో మర్టన్ చెప్పింది ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందనే. అందరూ ఒకే నిమిషంలో ఎందుకు లేచారో ఆ గడులు చెప్పవు. దానికి గుంపుల ప్రవర్తన మీద సమాజశాస్త్రవేత్త స్మెల్సర్ 1962లో రాసిన పుస్తకం చూడు. ఎరువు కొరత ఒత్తిడి, వెనక గేటు మాట అందరూ నమ్మిన వదంతి, దాన్నిబట్టి జనం కదలడం, ఆపే నియంత్రణ లేకపోవడం. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడితేనే గుంపు లేస్తుంది. చెప్పుల వరుసను వదలకు, నీ జవాబుకు ప్రాణం అదే. జనం నియమం లేనివాళ్లు కాదు, తాము పెట్టుకున్న నియమాన్ని పైవాళ్లు తప్పారనుకొని లేచారు.

డబ్బు సంగతికి చరిత్రకారుడు ఈ.పీ. థాంప్సన్ 1971 వ్యాసం చూడు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో జనం ధాన్యం పట్టుకొని, న్యాయమైన ధరకు అమ్మి, ఆ సొమ్ము యజమానికే ఇచ్చిన సందర్భాలున్నాయి. మీ పెదనాయన చేసింది అచ్చం అదే.

లా విద్యార్థి:
డబ్బు పెట్టినా షట్టర్ లేపడం తప్పే కదా అన్నా.

నల్లగొండ రిటైర్డ్ లెక్చరర్:
వదంతి దగ్గర ఆగితే గద్వాల సంగతి రాయి. 2018లో పిల్లలను ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకార్లు వచ్చినప్పుడు, అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసులను పంపి, డప్పులు, పాటలతో పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. స్మెల్సర్ చెప్పిన నియంత్రణ లాఠీతోనే కాదని అక్కడ కనిపిస్తుంది. కానీ శీర్షికలో మాత్రం మూక అని పెట్టకు.

లా విద్యార్థి:
మరి దొమ్మి?

నల్లగొండ రిటైర్డ్ లెక్చరర్:
అదీ వద్దు.

పాలమూరు విద్యార్థి:
థాంక్స్ అన్నా, థాంక్స్ సార్. రాస్తున్నా. చెప్పుల వరుస దగ్గర మొదలుపెట్టిన.