ముక్కు దూలం వంకరట, ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా?

కూకట్‌పల్లి మాస్టారు:

ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. వయసు 38. ఎడమ ముక్కు ఇంటర్ రోజుల నుంచీ సగం మూసుకునే ఉంది. ఈ ఏడాది కుడివైపూ అదే పని మొదలుపెట్టింది. మొన్న ఏడో తరగతిలో అనునాసికాలు చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "సార్, మీ 'మ' మాకు 'బ' లాగా వినబడుతోంది" అన్నాడు. నిజమే, నేను "అమ్మ" అంటే "అబ్బ" అని వస్తోంది. వాళ్ళతో పాటు నేనూ నవ్వేశాను గానీ, ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

రాత్రి గురక. మా ఆవిడ పాపను తీసుకుని హాల్లో పడుకుంటోంది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, తెల్లారేసరికి మళ్ళీ దిబ్బడ. పోయిన వారం డాక్టరు ఎండోస్కోపీ చేసి, దూలం, అంటే రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడ, ఎడమకి వంగింది, సెప్టోప్లాస్టీ, అంటే ఆ గోడను సరిచేసే ఆపరేషన్, చేయించుకోమన్నారు. మా బావమరిదేమో "రెండేళ్ళలో మళ్ళీ పెరుగుతుంది బావా, డబ్బు దండగ" అంటున్నాడు. ఈ ఆపరేషన్ పనిచేస్తుందని ఎవరైనా సరిగ్గా పరీక్షించి చూశారా? లేక అందరూ చేస్తున్నారు కాబట్టి చేస్తున్నారా?

నల్లకుంట పిల్ల:

మా అన్నయ్యకి చేశారు. ఆపరేషన్ ఏమీ తెలియలేదన్నాడు. ముక్కులో కుక్కిన ప్యాకింగ్ తీసేటప్పుడు మాత్రం చుక్కలు కనిపించాయట. ప్యాకింగ్ లేకుండా లోపల కుట్లు వేసి సరిపెట్టే పద్ధతి కూడా ఉంది, మీ డాక్టర్ని ముందే అడగండి.

ఈఎన్‌టీ పీజీ, రెండో ఏడు:

మాస్టారూ, మంచి ప్రశ్న వేశారు. వందేళ్ళకు పైగా చేస్తున్న ఆపరేషన్ ఇది. అయినా మందులతో పోల్చి చీటీలు వేసినట్టు రోగుల్ని రెండు గుంపులుగా విడదీసి చూసిన పెద్ద పరిశోధనలు ఈమధ్యే వచ్చాయి. బ్రిటన్‌లో 17 ఆసుపత్రుల్లో 378 మందిని తీసుకుని సగం మందికి ఆపరేషన్ చేశారు, సగం మందికి ఆరు నెలలు స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీటి స్ప్రే ఇచ్చారు. ఇబ్బందిని 22 ప్రశ్నలతో కొలిచారు. మొత్తం 110, తక్కువ వస్తే మేలు. ఆరు నెలలకు స్ప్రే వాళ్ళ సగటు 39.5, ఆపరేషన్ వాళ్ళది 19.9. ఇది 2023లో అచ్చయింది.

మీ బావమరిది మాట పూర్తిగా గాలి మాట కాదు, కాకపోతే అది వేరే జబ్బు సంగతి. ముక్కులో కండ, అంటే పాలిప్స్, తీసేసినా మళ్ళీ రావచ్చు. దూలం ముందు భాగం మృదులాస్థి, వెనక ఎముక. పెద్దవాళ్ళలో సరిచేశాక మామూలుగా తిరిగి పెరగదు.

కానీ నాకు మీ ప్రశ్నలో ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ చుక్కలు. ఎన్నాళ్ళుగా వేస్తున్నారు? వారం దాటి వాడితే ముక్కు లోపలి పొర వాటికి అలవాటు పడి, మందు దిగగానే ముందుకంటే ఎక్కువ వాస్తుంది. ఎడమకి వంగిన దూలం ఈ ఏడాదే కుడివైపుని ఎందుకు మూస్తుంది చెప్పండి? కోఠిలో మా ఓపీకి ఇలాంటి వాళ్ళు రోజూ వస్తారు, జేబులో సీసాతో సహా. ఆ సంగతి డాక్టరుకు చెప్పారా?

ఇంకోటి, గురక ఒక్కదాని కోసమే అయితే ఈ ఆపరేషన్ మీద ఆశ పెట్టుకోకండి. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే ముందు స్లీప్ టెస్ట్ చేయించుకోండి.

అనుమానం రాయుడు:

ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఎలాగూ బాగుందనే చెబుతాడు గదా? కోయించుకుని మరీ బాగోలేదంటాడా?

ఈఎన్‌టీ పీజీ, రెండో ఏడు:

నిజం, ఎవరికి ఏ వైద్యం జరిగిందో వాళ్ళకు తెలుసు, ఆ లోపం ఉంది. అయితే నెదర్లాండ్స్‌లో 203 మందితో చేసిన పరిశోధనలో ఆ తేడా 24 నెలలకూ నిలిచింది. ఉత్త భ్రమ అంతకాలం నిలవడం కష్టం. చూడండి, మాస్టారి బావమరిది పెట్టిన గడువు కూడా రెండేళ్ళే.

కూకట్‌పల్లి మాస్టారు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. చుక్కలు ఎనిమిది నెలలుగా వేస్తున్నాను. డాక్టరు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈసారి వెళ్ళి చెబితే ఆయన తల పట్టుకుని, స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టించి చుక్కలు మాన్పించారు. మొదటి నాలుగు రాత్రులు నరకం, కుర్చీలో కూర్చుని నిద్రపోయాను. ఇప్పుడు కుడివైపు శుభ్రంగా ఆడుతోంది. ఎడమ మాత్రం అలాగే బిగుసుకుని ఉంది, అది దూలం పనే అన్నారు. స్ప్రే ఇంకొన్నాళ్ళు వాడి చూసి, ఎడమ దారికి రాకపోతే దసరా సెలవుల్లో ఆపరేషన్ అనుకున్నాం.

బావమరిదికి ఇంకా చెప్పలేదు.