తిన్నింటి వాసాలు లెక్కవెట్టుడు

ఈ సామెతను చాలామంది నమ్మకద్రోహం మీద వాడుతరు, అన్నం పెట్టిన ఇంటికే కన్నమేసేటోడు అని. నాకు మాత్రం ఇందుల బరువంత ‘లెక్కవెట్టుడు’ అనే మాట మీదనే ఉన్నదనిపిస్తది. వాసాలు పీకుడు, ఎత్తుకపోవుడు లేదు. ఊరికె లెక్కవెట్టిండు, గంతే.

మా అమ్మమ్మోళ్లది దేవరకొండ దిక్కు ఊరు. గూనపెంకల ఇల్లు. నడుమ లావు దూలం, దాని మీదికెళ్లి గోడల దాక వాలుగ దిగిన వాసాలు, వాటి మీద అడ్డం బద్దలు, ఆ పైన పెంకలు. పగటిపూట బువ్వ తిని సాప మీద ఎల్లెలకల పండుకుంటె కండ్లకు ముందు ఆనేటివి వాసాలే. ఎన్ని వాసాలుంటె అంత ఇల్లు, అంత కలప. చుట్టమై వచ్చి, కడుపునిండ తిని, కడిగిన చెయ్యి ఆరకముందే వీళ్లకు ఎంతున్నదో అంచనా కడుతున్నడన్నట్టు. చెయ్యి ఏ తప్పు చెయ్యలే, కన్ను చేసింది.

నాకు ఇది ఎందుకు తాకిందంటె, నిరుడు ఎండకాలం నల్లగొండల దోస్తు ఇంటికి పోయిన. వాళ్లమ్మ జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెట్టింది. తినుకుంట చూస్తే టీవీ పక్కన బంగారం కుదువవెట్టిన రసీదు. నా చూపు ఎటున్నదో ఆమె కనిపెట్టింది. ఏమనకుండ కాయితం తీసి పోపులడబ్బ కింద పెట్టింది. నెల తర్వాత, ఇద్దరికీ తెలిసినోళ్ల నడుమ చాయ్ తాగుకుంట, “పాపం, వాళ్లకు జర ఇబ్బందున్నది, బంగారం కుదువవెట్టిన్రు” అన్న. జాలితోనే అన్న. ఆ మాట తిరిగి తిరిగి వాళ్ల గడపకే చేరింది. దోస్తు కొట్లాడలే. “అమ్మ నీకు రొట్టె పెట్టింది గదరా” అన్నడు.

అప్పటిసంది, ఒకరింట్ల చూసింది ఆ ఇంట్లనే ఇడిశిపెట్టి వచ్చుడు నేర్చుకుంటున్న. మనిషి లేనప్పుడు ఆయన ముచ్చట వస్తె, పక్కనే కూసున్నట్టు మాట్లాడాలె. తిట్టుకాడ నోరు ఆపుకోవచ్చు గని జాలికాడ ఆగదు, తప్పు చేస్తున్నట్టే అనిపియ్యదు.

ఇంకో సంగతి. ‘విశ్వాసం’ అంటె మనకు ముందు కుక్క యాదికొస్తది. ‘విధేయత’ల పైన ఒకడు, కింద ఒకడు ఉంటరు. దోస్తుల నడుమ, అన్నదమ్ముల నడుమ ఉండేదాన్ని మీ దిక్కు ఏమంటరు? మా దిక్కు ‘ఇమాన్‌దారు మనిషి’ అంటరు.

*గద్వాల నుంచి ఒక జవాబు:*
మా నడిగడ్డల ఎక్కువ మట్టిమిద్దెలే. దూలాల మీద దంతెలు, అంటె అడ్డం కట్టెలు, పరుస్తరు, వాసాలుండవు. అయినా మా నాయనమ్మ ఈ సామెతనే వాడేది. ఆమెదే ఇంకో తిట్టు ‘నమ్మకహరాం’. ఉర్దూల అది నమక్ హరాం, నమక్ అంటె ఉప్పు. ఆమె నోట్లెకొచ్చేసరికి ఉప్పు నమ్మకమయింది. తప్పని నేను దిద్దలేదు.

*పాలమూరు నుంచి:*
మేము ‘ఎంట ఉండుడు’ అంటం. మా ఊరోళ్లు పుణె, ముంబై పనికి పోతె తాళంచెవులు మా అమ్మకిచ్చి పోయేటోళ్లు. నెలకోసారి ఆమె ఒక్కో ఇల్లు తీసి ఊడ్చి, మళ్ల తాళమేసేది. చిన్నప్పుడు నేను సందుక మీద చెయ్యేస్తే గుంజింది: “ఊడ్వనీకె వచ్చినం, చూడనీకె కాదు.”

*మొదలు పెట్టినాయన:*
మీ అమ్మ మాట పొద్దటిసంది మళ్ల మళ్ల చదువుతున్న. ఆ ముచ్చట అయినప్పటిసంది దోస్తు గడప తొక్కలే. ఈ ఆదివారం పోతున్న, వాళ్లమ్మ ఇంట్ల ఉన్నప్పుడే.