కంఠతా పట్టడమా, బట్టీ పట్టడమా? ఒక డచ్ నవల దగ్గర వచ్చిన సందేహం

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర మీ అందరి సాయం కావాలి, పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

టోంకె ద్రాఖ్ట్ అని నెదర్లాండ్స్ రచయిత్రి, 1930లో పుట్టి 2024 జులైలో 93 ఏళ్ళ వయసులో పోయారు. టీనేజీ పిల్లలు చదివే నవలలు ఎక్కువ రాశారు, కానీ ఆవిడ పుస్తకాల్ని ఆ వయసులో పట్టుకున్నవాళ్ళు యాభై దాటాక కూడా వదల్లేదు, అలాంటి రచన. వాటిల్లో 1962లో వచ్చిన నవల అన్నిటికంటే పేరు పడింది, పేరు తెలుగులో చెప్పాలంటే 'రాజుకి ఉత్తరం'. మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ఆదివారాలు కథ చెప్తుంటాను, ఇప్పుడు ఈ నవలే నడుస్తోంది, పుస్తకం చూసి చదవడం కాదు, నా మాటల్లో తెలుగులో చెప్పడం.

కథ మొదలు ఇదీ. టియూరి అని పదహారేళ్ళ కుర్రాడు, తెల్లారితే రాజు చేతుల మీదుగా వీరుడి పట్టం కట్టించుకోవాలి. ఆ ముందు రాత్రంతా తోటివాళ్ళతో కలిసి ఒక చిన్న ప్రార్థన మందిరంలో జాగారం చెయ్యాలి, నిద్ర పోకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు, ఎవరొచ్చి పిలిచినా తలుపు తియ్యకూడదు. అర్ధరాత్రి ఎవరో వచ్చి తలుపు తియ్యమని మెల్లగా బతిమాలతారు. మిగతావాళ్ళు వినలేదో, విన్నా కదల్లేదో, ఈ కుర్రాడు మాత్రం లేచి తలుపు తీస్తాడు. అక్కణ్ణుంచి ఒక ఉత్తరం అతని చేతికొస్తుంది, కొండలు దాటి పక్క రాజ్యంలో ఉనౌవెన్ అనే రాజుకి దాన్ని అందించాలి, లోపల ఏముందో మోసుకెళ్ళేవాడికి తెలీదు. వీరుడి పట్టం పోయినట్టే. వెంటపడే గుర్రపు రౌతులు, దొంగలు, గూఢచారులు, ఇవన్నీ దాటుకుంటూ పోతాడు, మధ్యలో పియాక్ అని ఒక కొండ కుర్రాడు తోడవుతాడు.

నాకు సమస్య వచ్చింది డాంగ్రియా అనే ఊళ్ళో. ఉత్తరం ఇక చేజారిపోతుందేమో అనిపించినప్పుడు టియూరి లక్కముద్ర పగలగొట్టి దాన్ని విప్పుతాడు. చూస్తే అది అతనికి ఒక్క ముక్క కూడా తెలీని భాష. అయినా సరే అక్షరం అక్షరం మనసుకి పట్టించుకుని, కాగితం ఆనవాలు లేకుండా చేసేస్తాడు. ఇక్కడ తెలుగులో ఏం అనాలి? కంఠతా పట్టాడు, వల్లె వేశాడు, బట్టీ పట్టాడు, నోటికి తెచ్చుకున్నాడు, ఇన్ని మాటలున్నాయి, ఒక్కటీ పూర్తిగా కుదిరినట్టు లేదు. పిల్లలైతే వెంటనే 'అంటే బట్టీ కొట్టాడా ఆంటీ' అన్నారు, ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది.

*

అమ్మా, నేను ముప్పై ఏళ్ళకి పైగా తెలుగు పంతులుగా చేసి రిటైరయినవాణ్ణి. మీరు చెప్పిన మాటలన్నీ ఒకటి కావు. వల్లె వెయ్యడం అంటే పని, పైకి గట్టిగా మళ్ళీమళ్ళీ చెప్పుకోవడం. కంఠతా రావడం, నోటికి రావడం అనేవి ఆ పనికి ఫలితం. ఎక్కాలు వల్లె వేస్తారు, వేస్తే కంఠతా వస్తాయి. ఇక బట్టీ అంటే తెలుసుకోకుండా నేర్వడం. మీ కథలో కుర్రాడికి ఒక్క ముక్క అర్థం కాలేదన్నారు కదా, అప్పుడు నిజానికి అది బట్టీయే అవుతుంది, మాట బాగాలేదని మనం అర్థం మార్చలేం.

*

మాష్టారూ, మీరు చెప్పిన తేడా బావుంది, కానీ నా అభ్యంతరం వేరు. బట్టీ అన్నప్పుడు మనకి గుర్తొచ్చేది పరీక్ష, మార్కులు, హాల్లోంచి బయటికొచ్చాక మర్చిపోవడం. అంటే ఆ మాటలో 'వీడికి దీనిమీద శ్రద్ధ లేదు' అన్న తీర్పు కూడా ఉంది. కానీ అర్థం తెలీకుండా నేర్చిందంతా శ్రద్ధ లేకుండా నేర్చిందేనా? మా నానమ్మ ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత అని అరవై సంవత్సరాల పేర్లూ ఆగకుండా చెప్పించేది, ప్రమోదూత అంటే ఏంటో మాకేం తెలుసు. గజేంద్రమోక్షం పద్యాలు ఆరేడేళ్ళ పిల్లలకి నేర్పేవాళ్ళు, వాళ్ళకి సంధులు సమాసాలు తెలుసా? ఎవరూ దాన్ని బట్టీ అనలేదే, 'పిల్లాడికి పద్యాలు నోటికొచ్చు' అని మురిసిపోయారు. పని ఒకటే, పేరు మాత్రం చేసినవాడి మనసుని బట్టి మారింది.

*

పోస్టు పెట్టింది నేనే. ఈ అభ్యంతరం నాకు చాలా నచ్చింది, ఇంకో సంగతి చెప్తాను, దీనికి సంబంధం ఉంది.

ద్రాఖ్ట్ పుట్టింది నెదర్లాండ్స్‌లో కాదు, బటావియాలో, అంటే ఇప్పటి జకార్తా. అప్పుడది డచ్ వాళ్ళ వలస. 1942లో జపాన్ సైన్యం వచ్చాక అక్కడున్న డచ్ కుటుంబాల్ని క్యాంపుల్లో పెట్టారు, మగవాళ్ళని వేరుగా, ఆడవాళ్ళనీ పిల్లల్నీ వేరుగా. ఆవిడ తల్లితో, ఇద్దరు చెల్లెళ్ళతో చిడెంగ్ అనే క్యాంపులో పడ్డారు. అది కూడా బటావియాలోనే, ఊళ్ళో ఒక పేట చుట్టూ వెదురు తడికెలు, ముళ్ళకంచె వేసి క్యాంపు చేశారు. మొదట్లో రెండు వేలమంది, యుద్ధం అయ్యేసరికి పదివేలు దాటారు, మనుషులు పెరుగుతుంటే ఆవరణేమో ఇంకా ఇంకా తగ్గించుకుంటూ పోయారు. తిండి లేదు, రోగాలు, గంటల తరబడి ఎండలో వరసగా నిలబెట్టి లెక్కపెట్టడం. బడి నడపకూడదని ఆంక్ష.

ఆ క్యాంపులో పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో ఈ అమ్మాయి ఒక స్నేహితురాలితో కలిసి నవల రాసింది. కాగితం దొరక్క, వాడి పడేసిన కాగితాల వెనకవైపు, ఏ ముక్క చేతికొస్తే దానిమీద. చదవడానికి పుస్తకాలు లేవు కాబట్టి తమకి కావలసిన కథ తామే రాసుకున్నారు, పక్కవాళ్ళకి చెప్పారు. చేతిలో ఉన్న కాగితం ఎప్పుడు పోతుందో తెలీదు, తలలో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ లాక్కోలేరు అన్న సంగతి ఆ వయసులోనే ఒంటికి పట్టిన మనిషి, ఇరవై ఏళ్ళలోపే ఈ డాంగ్రియా ఘట్టం రాసింది. ఆవిడ దాన్ని తలుచుకునే రాసిందని నేను అనను, కానీ నాకు మాత్రం చదువుతుంటే ఆ క్యాంపు గుర్తుకు రాకుండా ఉండదు. అందుకే బట్టీ అన్న మాట నా నోట రావట్లేదు.

*

అక్కా, మేము నెదర్లాండ్స్‌లోనే, ఆమ్‌స్టెల్వేన్ అనే ఊళ్ళో ఉంటాం, పదేళ్ళయింది వచ్చి. ముందు ఉచ్చారణ గురించి, చాలామంది డ్రాగ్ట్ అంటారు, మీరు ద్రాఖ్ట్ అని రాసింది దగ్గరగా ఉంది, ఇక్కడి గ అక్షరం గొంతులోంచి ఖ లాగా వస్తుంది. డచ్‌లో కంఠతా నేర్చుకోవడాన్ని 'ఔట్ హెట్ హోఫ్ట్' నేర్చుకోవడం అంటారు, అంటే తలలోంచి అని. ఇంగ్లీషువాళ్ళకి గుండె, వీళ్ళకి తల, మనకి కంఠం, నోరు. మనవాళ్ళకి చదువంటే చాలాకాలం పైకి పలికేదే కాబట్టి అలా వచ్చుంటుందని నా ఊహ.

మా అమ్మాయి ఇక్కడి బళ్ళోనే చదువుతోంది, లైబ్రరీలో ఆవిడ పుస్తకాలు ఒక అర నిండా ఉంటాయి, లోపలి బొమ్మలు కూడా చాలావరకు ఆవిడ వేసినవే. యుద్ధం అయ్యాక ఈ దేశం వచ్చి హేగ్‌లో ఆర్ట్ అకాడమీలో చదివి, హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేశారు. మొదటి పుస్తకం 1961లో, కవల సోదరుల కథలు, దాని తరవాతి ఏడే మీరు చెప్పిన నవల. 1963లో దానికి ఆ ఏటి పిల్లల పుస్తకం బహుమతి వచ్చింది. 1965లో దానికి కొనసాగింపు, అడవి రహస్యాల కథ. 1976లో ప్రభుత్వ పురస్కారం, మొత్తం చేసిన పనికి. 2004లో అయితే అంతకుముందు యాభై ఏళ్ళలో బహుమతులొచ్చిన పుస్తకాలన్నిట్లోకీ మేలైనది ఏదని చూసి దీనికే ఇచ్చారు. నలభై ఏళ్ళ పాత పుస్తకం అది అప్పటికి.

ఈ గ్రూపువాళ్ళకి ఇంకొకటి నచ్చుతుంది, 1973లో వచ్చిన ఫిబ్రవరి బురుజుల కథ. ఫిబ్రవరి 30 అనే లేని తేదీన ఒక అబ్బాయి తనెవరో మర్చిపోయి వేరే లోకంలో తేలతాడు, నవలంతా అతని డైరీ, అందులో కొంత భాగం తిరగేసి రాసి ఉంటుంది, అద్దం పెట్టుకుంటే తప్ప చదవలేం. మా అమ్మాయి ఆ పేజీల కోసం బాత్రూం అద్దం ముందు నిలబడి చదివింది, నేను పక్కన నిలబడి ఒక్కో మాటకీ అర్థం అడుగుతూ ఉన్నాను. భాష అంటే ఆవిడకి వట్టి పనిముట్టు కాదు, కథలో అదీ ఒక పాత్రే.

*

చర్చ చాలా బాగా నడుస్తోంది. నేను ఒక మాట ముందుపెడతాను: ధారణ. అవధానాల్లో ఆఖరి అంకం అదే కదా, పృచ్ఛకులు అడిగినవాటికి చెప్పిన పద్యాలన్నీ అవధాని చివర్లో చూడకుండా వరసగా అప్పజెప్పాలి, కాగితం ముట్టకూడదు. ధారణ అంటే పట్టి ఉంచుకోవడం, ధరించడం అన్నా అక్కణ్ణుంచే. అంటే మోయడం కూడా ఆ మాటలో ఉంది. మీ కుర్రాడు ముందు ఉత్తరాన్ని బట్టల్లో దాచుకుని మోశాడు, తరవాత కాగితం లేకుండా మోశాడు. ధారణ చేశాడు అంటే రెండూ వస్తాయి.

*

ధారణ మాట గొప్పగా ఉంది గానీ సార్, అవధాని ధారణ చేసేది తను కట్టిన పద్యాన్ని, తనకి పూర్తిగా తెలిసిన భాషలో, ఛందస్సు ఊతం ఉంటుంది, ఒక మాట జారినా గణం పట్టిస్తుంది. ఈ అబ్బాయికి ఆ ఊతమే లేదు, ఒక్క అక్షరం మారినా తప్పు జరిగిందని తెలుసుకునే దారి లేదు. ఇది అవధానం కంటే వేదం నేర్చుకునే పిల్లల పరిస్థితికి దగ్గర, స్వరంతో సహా విన్నది విన్నట్టు పట్టుకోవాలి. వాళ్ళు సంత చెప్పుకోవడం అంటారు. అయితే సంతకి గురువు ఎదురుగా ఉండి దిద్దుతాడు, టియూరికి దిద్దేవాడు లేడు. పైగా పదేళ్ళ పిల్లల ముందు కూర్చుని 'ధారణ చేశాడు' అంటే కథ ఆగి పాఠం మొదలవుతుంది.

*

అవునండీ, సంత బాగా దగ్గర. కానీ ఇక్కడ కుర్రాడి చేతిలో ఉన్నది రాత, విన్నది కాదు. ఆ అక్షరాలు పలకగలడు, అర్థం కాదు. ఉర్దూ రానివాడు తెలుగు లిపిలో రాసిన ఉర్దూ ఉత్తరం పట్టుకున్నట్టు.

*

మళ్ళీ నేనే. ఇన్ని చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్, నేను ఇలా అనుకుంటున్నాను, తప్పయితే చెప్పండి. డాంగ్రియా దగ్గర చేసిన పనికి వల్లె వెయ్యడమే పెడతాను, మాష్టారు చెప్పినట్టు అది పని పేరు, అందులో మెచ్చుకోలూ లేదు, చిన్నచూపూ లేదు. 'తెలీని ఆ మాటల్ని పెదాలు కదిలీ కదలకుండా వల్లె వేసుకున్నాడు, వెనక నుంచి ముందుకి అడిగినా చెప్పగలిగేదాకా వేశాడు, అప్పుడు కాగితం లేకుండా చేశాడు' అని. పైకి గట్టిగా అనలేని చోట వల్లె వెయ్యడం కాబట్టి పెదాల మాట కలిపాను. ఆ తరవాత దారి పొడుగునా 'ఉత్తరం ఇప్పుడు వాడి నోట్లో ఉంది' అంటాను. నోటికొచ్చు అని రోజూ అనే మాటే కాబట్టి చిన్నవాళ్ళకి కూడా తగులుతుంది. ధారణ అన్న మాట మాత్రం ఆఖర్న రాజు ముందు నిలబడినప్పటికి దాచుకుంటాను, ఆ వేళకి పిల్లలు కూడా కథలో అంత దూరం నడిచి ఉంటారు, పెద్ద మాట పెట్టినా మోస్తారు. అక్కడ ఏం జరుగుతుందో, ఆ ఉత్తరంలో ఏముందో చదవనివాళ్ళ కోసం చెప్పను.

ఇంకొకటి, 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో దీని సిరీస్ వచ్చింది, చూసినవాళ్ళుంటారు. అందులో మంత్రాలు, శక్తులు పెట్టారు. పుస్తకంలో ఎక్కడా మంత్రం లేదు. తలుపు తీసిన ఒక కుర్రాడు, ఇచ్చిన మాట, నడక, అంతే. మంత్రం పెట్టాక ఇక వల్లె వేసే రాత్రికి బరువేముంటుంది, నాకు అది చాలా బాధ కలిగించింది. దయచేసి పిల్లలకి ముందు పుస్తకం ఇవ్వండి.

*

మేడమ్, డచ్ రానివాళ్ళకి ఎలా?

*

ఇంగ్లీషు అనువాదం ఉందండీ, లారా వాట్కిన్సన్ చేశారు, 2013లో పుష్కిన్ ప్రెస్ వేసింది. డచ్‌లో వచ్చిన యాభై ఏళ్ళకి గానీ ఇంగ్లీషులోకి రాలేదు. దాని కొనసాగింపూ, ఏడు దారుల కథ అని ఇంకో నవలా కూడా ఇంగ్లీషులో దొరుకుతాయి. ఆ ఏడు దారుల కథలో హీరో ఒక బడిపంతులు, క్లాసులో పిల్లలకి తన గురించి లేని సాహసాలన్నీ అల్లి చెప్తుంటాడు, ఒకరోజు నాకు ముఖ్యమైన ఉత్తరం ఒకటి రావాలి అనేస్తాడు, నిజంగానే వస్తుంది.

*

అమ్మా, మళ్ళీ ఉత్తరమేనా ఆవిడకి! అయితే మీ పుస్తకం పేరు మీద కూడా ఒక మాట. ఉత్తరం అంటే సంస్కృతంలో జవాబు, ప్రశ్నోత్తరాలు అన్నప్పటి ఉత్తరం. మనవాళ్ళు వాడే జాబు కూడా జవాబు నుంచి వచ్చిందే. ఆ లెక్కన రెండూ బదులు మాటలే. ఈ కథలో ఆ ఉత్తరం ఎవరి ప్రశ్నకీ బదులు కాదు కదా, మొదటి కబురు. లేఖ అంటే రాసింది అని మాత్రమే, రాజుగారి కొలువుకీ తగినట్టుంటుంది. 'రాజుకి లేఖ' అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

*

మాష్టారూ, లేఖ బావుంది గానీ మా పిల్లలు మూడు వారాలుగా ఉత్తరం ఉత్తరం అని అడుగుతున్నారు, ఇప్పుడు మారిస్తే ఊరుకోరు. జాబు అంటే మాత్రం వాళ్ళకి ఉద్యోగమే. ఆ ఏడు దారుల కథ మొదలుపెట్టేటప్పుడు లేఖ వాడి చూస్తాను.